చైనా కుర్చీ

ఇరవై రెండేళ్లుగా నేను చైనా అమెరికా సంబంధాల మీద పాఠం చెబుతున్నాను. ఆ రెండు దేశాల్లో ఒక్కదాన్నీ చూడలేదు. నా జన్మలో దాటిన సరిహద్దు భూటాన్‌ది ఒక్కటే. అదీ కాలేజీ పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్లినప్పుడు, పట్టపగలు మూడు గంటలపాటు. అక్కడ వాన పడితే ఒక గొడుగు కొనుక్కుని తిరిగొచ్చాను. ఇంటికొచ్చి చూస్తే దాని పిడి మీద చైనాలో తయారైందని ఉంది. నా క్షేత్ర పరిశోధన అంతా కలిపితే ఆ గొడుగే.

క్లాసులో సోమవారం చైనా వాదన చెబుతాను, బుధవారం అమెరికా వాదన చెబుతాను. సోమవారం మాత్రమే వచ్చే పిల్లలు నేను చైనా పక్షమని తేల్చేశారు. బుధవారం వాళ్లు నన్ను అమెరికాకి అమ్ముడుపోయినదాన్నంటారు. రెండు రోజులూ వచ్చేవాళ్లు ఏడాదికి నలుగురు దొరికితే గొప్ప, వాళ్లకేమో నాకు సొంత అభిప్రాయమే లేదని అనుమానం.

ఇది నాకు కొత్తేమీ కాదు. నేను బెంగాల్‌లో, బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు కూలీల లైన్ ఇళ్లలో పుట్టినదాన్ని. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ మిల్లులో చేరాడు, నాన్న అందులోనే రిటైరయ్యాడు, నేను చదువుకుని ఉద్యోగమొచ్చాక అమ్మని తీసుకుని భవానీపూర్ చేరాను. ఈ వీధిలో మాది ఈనాటికీ మద్రాసీ దిది, అంటే మద్రాసీ అక్క, ఇల్లే. ఆంధ్రాలో తుఫానొచ్చినా, ఎన్నికలొచ్చినా, చేపలమ్మే ఆయన దగ్గర్నుంచి మెట్ల కింద ఇస్త్రీ చేసే ఆయన దాకా అందరూ మీవాళ్లు ఇలా చేశారేమిటని నన్నే నిలదీస్తారు, ఆ తుఫానేదో నేను పార్సిల్ కట్టి పంపినట్టు. పోనీలే అని తెలుగు సంఘం ఉగాదికి వెళితే, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆఫీసర్ల భార్యలు నా మాట విని, మీరు బెంగాలీలా, తెలుగు భలే నేర్చుకున్నారే అని మెచ్చుకుంటారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు థాంక్స్ చెప్పి పులిహోర తింటాను.

ఇక అసలు సంగతికొస్తాను. మా వీధికి నాలుగడుగుల దూరంలో, ఒక చీరల దుకాణం పైన, మా చర్చా సమితి ఉంది. ప్రపంచ వ్యవహారాలు చర్చించడం దాని పని. సభ్యుల్లో ఉద్యోగం ఇంకా మిగిలున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పనులన్నీ నాకే అప్పగిస్తారు, ఖాళీగా ఉన్నవాళ్లకి తీరిక ఉండదు కదా. అధ్యక్షుడు కస్టమ్స్‌లో పనిచేసి రిటైరైన దాదా, ఇక్కడ పెద్దవాళ్లని అన్నా అనడానికి అదే మాట. ఏటా చలికాలంలో ఒక శనివారం రెండు దేశాల సభ జరుపుతాం. రెండు కుర్చీలు, రెండు దేశాల పేర్లు రాసిన అట్టలు, ఇద్దరు వక్తలు, చెరో ఇరవై నిమిషాలు.

ఆ సభకి ఒకే ఒక్క నియమం ఉంది, సమాన గౌరవం. రెండు బొకేల్లోనూ పువ్వులు లెక్కపెట్టినట్టు ఒకేలా ఉండాలి. రెండు ఉత్తరీయాలూ ఒకే కొట్టువై ఉండాలి. ఒక ఏడాది ఒక వక్త ఫలహారం ప్యాకెట్టులో ఫిష్ ఫ్రై పెట్టడం మరిచిపోయారు. ఆయన పాపం ఏమీ అనలేదు, అసలు ఆయన చేప తినడు. అయినా మా సమితిలో దాని మీద మూడు నెలలు విచారణ జరిగింది. అప్పట్నుంచీ సభకి ముందు మా అధ్యక్షుడు రెండు ప్యాకెట్లూ విప్పి, తన పాత ఉద్యోగపు కళ్లతో సందేశ్‌లనీ కచోరీలనీ తనిఖీ చేసి, రెండు ఫిష్ ఫ్రైలనీ పక్కపక్కన పెట్టి పొడవు చూసి, మళ్లీ కట్టిస్తాడు.

ఆ ఏడాది విషయం చైనా అమెరికా. నా జన్మకి సార్థకత దొరికిందనుకున్నాను. అమెరికా తరఫున ఒక ఆచార్యురాలు వస్తానన్నారు. చైనాలో పుట్టి, పాతికేళ్ల వయసులో అమెరికాకి చదువుకోవడానికి వెళ్లి, అక్కడే ఉద్యోగం చేస్తూ ఆ పౌరసత్వం తీసుకున్న మనిషి. మా ఊళ్లో వేరే ఏదో సదస్సుకి వస్తూ, మా సభకి కూడా సాయంత్రం ఒకటి కేటాయించారు. చైనా తరఫున రావలసిన పెద్దాయనకి సరిగ్గా వారం ముందు మోకాలి ఆపరేషన్ అయింది.

అత్యవసర సమావేశం పెట్టారు. సభ వాయిదా వేద్దామంటే బ్యానర్ మీద తేదీ అచ్చయిపోయింది. ఒక కుర్చీ తీసేద్దామంటే సమాన గౌరవం అడ్డొచ్చింది. ఖాళీ కుర్చీ ఉంచితే ఒక దేశాన్ని అవమానించినట్టట. కుర్చీలో మనీప్లాంట్ కుండీ పెడదామని ఒకాయన అన్నాడు. అయితే అమెరికా కుర్చీలో కూడా ఒకటి పెట్టాలి, అప్పుడు మనిషి ఎక్కడ కూర్చుంటుందని ఇంకొకాయన అడిగాడు. దీని మీద అరగంట నడిచింది. చివరికి, పాత చైనా బజారులో ఉండే పళ్ల డాక్టరుని అడగమని నన్ను పంపారు. నా దవడపన్ను ఆయనే బాగుచేశాడు కాబట్టి మా మధ్య దౌత్య సంబంధాలున్నాయని వాళ్ల ఉద్దేశం.

ఆ డాక్టరుది ముత్తాతల కాలంలో చైనా నుంచి వచ్చిన కుటుంబం. నాకంటే మంచి బెంగాలీ మాట్లాడతాడు, ఫుట్‌బాల్ మ్యాచ్ ఓడిపోతే రెండు రోజులు క్లినిక్ తెరవడు. నేను సిగ్గు లేకుండా అడిగేశాను. ఆయన చేతులు కడుక్కుంటూ విన్నాడు.

"నేను ఈ ఊళ్లో పుట్టాను దిది. అరవై రెండులో చైనాతో యుద్ధమొచ్చినప్పుడు మా తాతని కూడా ఇలాగే చైనా అనుకుని రైలెక్కించి, రాజస్థాన్‌లో కంచె వేసిన చోట పెట్టారు. మా ఇంట్లో ఆ పని ఒకళ్లు చేసేశారు, చాలు."

తర్వాత నా పన్ను ఎలా ఉందని అడిగి, నోరు తెరవమని, చూసి, బాగానే ఉందన్నాడు. డబ్బులు తీసుకోలేదు. నేను అక్కణ్ణుంచి సమితికి వచ్చేసరికి నామీద నాకే చిరాగ్గా ఉంది, ఆ చిరాకంతా వాళ్లమీద పోయింది. ఇంతకీ ఎవరు దొరికారని అధ్యక్షుడు అడిగితే, "ఇంకొకళ్లెందుకు, ఆ అమెరికా ఆవిడ పుట్టిందీ చైనాలోనే కదా, ఇరవై నిమిషాలు ఆ కుర్చీలో, ఇరవై నిమిషాలు ఈ కుర్చీలో ఆవిడనే కూర్చోబెడితే సరి" అన్నాను.

నేను వెటకారంగా అన్నాను. దేవుడి సాక్షిగా వెటకారంగానే అన్నాను. ఒక్కళ్లూ నవ్వలేదు. కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో రాసేశాడు. రెండు ఉత్తరీయాలూ ఉపయోగంలోకి వస్తాయని అధ్యక్షుడు సంతోషించాడు. రేపు చెప్పి మార్పిస్తానులే అనుకున్నాను. రేపు కాలేజీలో పరీక్ష డ్యూటీ పడింది, ఎల్లుండి అమ్మకి జ్వరమొచ్చింది, అలా అలా శనివారం వచ్చేసింది. తప్పు నాదే, దాన్ని ఎటు తిప్పి చెప్పినా నాదే.

శనివారం మధ్యాహ్నం ఆవిణ్ణి మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాను. అరవై దాటిన సన్నటి మనిషి, కాళ్లకి బూట్లు, భుజాన గుడ్డసంచి. అమ్మ నెత్తళ్ల ఇగురు చేసింది. ఆ ఎండు చేపలు శ్రీకాకుళం నుంచి మా పిన్ని కొడుకు షాలిమార్ స్టేషన్ దాకా రైల్లో తెచ్చిచ్చినవి, ఆ వాసనకి పై అంతస్తు వాళ్లు కిటికీలు మూసుకుంటారు. ఆవిడ మాత్రం గిన్నె మూత తియ్యగానే ముందుకి వంగి వాసన చూసి, తను పుట్టిన ఊరు కూడా సముద్రం పక్కదేనని చెప్పింది. చేత్తోనే తింది. తలకాయలు కూడా నమిలేసింది. అమ్మ ఆవిణ్ణే చూస్తూ కూర్చుంది.

"ఏటే, ఈవిడిది సైనాయా, అమెరికాయా?" అంది నాతో.

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. అడిగేవాళ్లని బట్టి ఉంటుందని ఆవిడ జవాబు. నవ్వుతూ అంది కానీ ఆ తర్వాత చెప్పిన సంగతులు నవ్వేవి కావు.

మూడేళ్ల కింద ఆవిడ పనిచేసే విశ్వవిద్యాలయంలో ఆవిడ మీద ఒక విచారణ సంఘం వేశారట. తను చైనా తరఫున పనిచేస్తోందని ఎవరో ఒక ఉత్తరం రాశారు, ఎవరో తెలీదు. అప్పట్నుంచి పాఠం చెప్పనివ్వడం లేదు. పాత విద్యార్థి ఒకడు టీ పొట్లం పంపితే దానికొక ఫారం నింపాల్సొచ్చింది. అన్నయ్య కూతురి పెళ్లికి వెళ్తే, పెళ్లిలో పక్కన కూర్చుని తిన్నవాళ్ల వివరాలు అడిగారు. అక్కడ చైనాలో దిగితే, అమెరికా నీతో ఏం చెప్పి పంపిందని వాళ్లడుగుతారు. ఇప్పుడు సంఘం వాళ్ల ఆఖరి ఉత్తరం నెల రోజుల్లో వస్తుందంటున్నారు. వస్తే మళ్లీ తన క్లాసులో తను నిలబడొచ్చు. అప్పటిదాకా ఒక్కటే జాగ్రత్త, ఎక్కడా చైనా తరఫున ఉన్నట్టు కనబడకూడదు. ఒక్క ఫోటో చాలు, ఉద్యోగం పోతుంది. ఇదంతా చెప్పి, ఎవరూ ఏ పక్షమని అడగని ఊరికి రావడం ప్రాణానికి హాయిగా ఉందని, ఇంకో నాలుగు నెత్తళ్లు వేయించుకుంది.

నేను పళ్లెంలో అన్నం అలాగే వదిలి లేచాను. చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి వెళ్లి అధ్యక్షుడికి ఫోన్ చేశాను. విషయం చెప్పాను. ఆయన చాలా బాధపడ్డాడు, బాధపడి, కానీ అట్ట అచ్చయిపోయింది కదా అన్నాడు. పోనీ ఆవిడ చైనా కుర్చీలో కూర్చుని ఏమీ మాట్లాడకపోతే? ఫోటో పడుతుందన్నాను. ఆవిడ నిలబడి, కుర్చీ మీద చెయ్యి మాత్రం వేస్తే? కుదరదన్నాను. అట్టని గోడ వైపు తిప్పితే అది చైనాకి అవమానమట. అమెరికా అట్ట కూడా తిప్పేస్తే సమానమే కదా అని ఆయనే అని, అప్పుడు జనానికి ఎవరు ఎవరో తెలీదని ఆయనే బెంగపడ్డాడు. నేను ఇంత చదువూ చదివి పాఠం చెప్పే చర్చలన్నీ ఇలాగే జరిగుంటాయని మొదటిసారి నమ్మకం కుదిరింది. చివరికి ఏదో ఒకటి చూద్దాంలే దిది అని పెట్టేశాడు.

నాలుగున్నరకి ముగ్గురం నడుచుకుంటూ బయల్దేరాం. అమ్మకి చైనా అక్కర్లేదు, అమెరికా అక్కర్లేదు, ఫిష్ ఫ్రై కోసం ఏటా వస్తుంది. మలుపులో టీ కొట్టు దగ్గర ఆగి, మట్టి కప్పులు చేతికిచ్చాక, ఇక దాచలేక ఆవిడకి చెప్పేశాను. కుర్చీల సంగతి, అట్టల సంగతి, నా వెటకారం సంగతి, అన్నీ. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది.

ఆవిడ కప్పులోకి తల వంచింది. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని నేను బెదిరిపోయాను. నవ్వుతోంది. టీ ఒలికిపోయింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

"నేను ఆ కుర్చీలో కూర్చున్నానని రుజువు చెయ్యడానికి వాళ్లు మూడేళ్లు తిప్పలు పడ్డారు" అంది. "మీరు దానికి అట్ట కూడా అచ్చు వేయించారు."

హోటల్‌కి తిరిగి వెళ్లిపొమ్మన్నాను. ఒప్పుకోలేదు. వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదని ఇంకో ఫారం నింపాల్సొస్తుందట. అమెరికా కుర్చీలో కూర్చుంటాను, అక్కణ్ణుంచి లేవను, మిగతాది మీరు చూసుకోండి అంది. చూసుకుంటానని మాటిచ్చాను. ఎలాగో నాకు తెలీదు.

హాలు నిండింది. మా సమితిలో ఫోటోలు తీసే దాదా ఒకాయన ఉన్నాడు, షాలిమార్ గూడ్స్ యార్డులో పనిచేసి రిటైరైనవాడు. వ్యాగన్లు కదలకముందే కాగితాలు పంపిన అలవాటేమో, సభలో వాక్యం పూర్తవకముందే ఫోటో నెట్‌లో పెట్టేస్తాడు. ఆయన మొదటి వరసలో ఫోన్ ఎత్తిపట్టుకుని తయారుగా ఉన్నాడు. వేదిక మీద నీలం గుడ్డ పరిచిన బల్ల, వెనక రెండు కుర్చీలు, ముందు రెండు అట్టలు. దీపం వెలిగించారు, పాట పాడారు. ఆవిడ అమెరికా కుర్చీలో కూర్చుంది. అధ్యక్షుడు ఆవిడ మెడలో ఉత్తరీయం వేశాడు, బొకే ఇచ్చాడు, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత పళ్లెంలోంచి రెండో ఉత్తరీయం తీసి మళ్లీ ఆవిడ వైపే తిరిగి, ఇప్పుడు దయచేసి ఈ పక్కకి, అని రెండో కుర్చీని చూపించాడు.

దుర్మార్గుడేం కాదు. పాపం చేతిలో ఉత్తరీయం మిగిలిపోయింది, అంతే.

ఆవిడ లేవలేదు. ఆయన చెయ్యి దించలేదు. ఫోన్ పట్టుకున్న దాదా ఒక అడుగు ముందుకి వేశాడు. నేను అప్పుడు ఆలోచించానని చెబితే అబద్ధమవుతుంది. కాళ్లే తీసుకెళ్లాయి. గబగబా మెట్లెక్కి వెళ్లి చైనా కుర్చీలో కూర్చుని మెడ వంచాను.

అధ్యక్షుడు నా వైపు చూశాడు, అట్ట వైపు చూశాడు. రెండు కుర్చీలూ నిండాయి, రెండు మెడలూ ఉన్నాయి. ఆయన మొహం తేటపడింది. ఉత్తరీయం నాకు వేసి, మైకు పట్టుకుని, ఇప్పుడు చైనా పక్షం అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అందులో సగం మంది నన్ను ఇరవై ఏళ్లుగా ఎరుగుదురు, నేను వాళ్ల పిల్లలకి పాఠం చెప్పాను, అయినా ఒక్కరికీ వింతగా అనిపించలేదు. అట్ట మీద రాసుంది కదా.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను బాగా మాట్లాడాను. సోమవారాల పాఠాలన్నీ ఇరవై రెండేళ్లవి ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. సముద్రం గురించి, సుంకాల గురించి, నూరేళ్ల అవమానాల గురించి బల్ల గుద్ది మరీ చెప్పాను. మా దేశం అన్నాను. మా ప్రజలు అన్నాను. ఆవిడ అమెరికా వైపు నుంచి నాకు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. మా దేశం అన్న మాట దగ్గర ఆవిడ ఒక్క క్షణం ఆగింది, నేను ఆగలేదు. అది నేను గమనించాను. ఎవరిదైతే కాదో వాళ్లు ఎంత తేలిగ్గా అనేస్తారో ఆ మాట. ప్రశ్నల సమయంలో ఒక పెద్దాయన లేచి, అరవై రెండు యుద్ధంలో మీవాళ్లు చేసింది న్యాయమేనా అని వేలు చూపించి నన్నడిగాడు. మీవాళ్లు అనే మాటకి జవాబు చెప్పడం నాకు అలవాటే కాబట్టి చెప్పాను, తుఫానుకి చెప్పినట్టే చెప్పాను.

ఫలహారం దగ్గర అమ్మ నా ప్యాకెట్టు కూడా తన సంచిలో వేసుకుంటూ, "ఇంటికి పిలిసి అన్నం పెట్టి, మళ్లీ అందరి ముందర ఆవిణ్ణి అలగ కసురుకున్నావేటే?" అని నన్ను తిట్టింది. ఆవిడ వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ రోజు ఇంటికొచ్చి, ఒక మనిషిని కాపాడానని పొంగిపోతూ, అమ్మ వాటాతో కలిపి రెండు ఫిష్ ఫ్రైలూ తిన్నాను.

మూడు వారాల తర్వాత ఆవిడ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. షాలిమార్ దాదా పెట్టిన ఫోటో విచారణ సంఘానికి చేరింది. అందులో ఆవిడ అమెరికా అట్ట వెనకే ఉంది, దానికి ఇబ్బంది లేదు. ఇబ్బంది నాతో వచ్చింది. ఫోటో కింద దాదా శ్రద్ధగా, చైనా ప్రతినిధితో అమెరికా ఆచార్యురాలు, అని రాశాడు. విదేశీ ప్రతినిధులతో కలిసి వేదిక ఎక్కినా, కలిసి తిన్నా ముందుగా తెలియజెయ్యాలని వాళ్ల నియమం. ఈ చైనా ప్రతినిధి ఎవరు, ఈమెతో మీకెంతకాలంగా పరిచయం, ఏమేమి ఇచ్చిపుచ్చుకున్నారు అని అడిగారట. ఆఖరి ఉత్తరం ఆగిపోయింది. నేను చైనాని కానని నోటరీ ముద్రతో ఒక కాగితం పంపగలరా అని ఆవిడ చాలా మర్యాదగా అడిగింది.

ఎక్కడ కూర్చోకూడదో అక్కడ నేను కూర్చుని, ఆవిణ్ణి తీసుకెళ్లి చైనా పక్కన కూర్చోబెట్టాను.

కాగితం రాయడం మొదలుపెట్టాను. నిజాయితీగా రాయాలి కదా. చైనాతో నాకున్న సంబంధాలన్నీ రాయమని వాళ్ల ప్రశ్న. గొడుగు రాశాను. ఫోన్ రాశాను. టాంగ్రాలో చైనావాళ్ల హోటల్లో తిన్న చౌమీన్ రాశాను. దవడపన్ను దగ్గరికొచ్చేసరికి ఆగి, పళ్ల డాక్టరుకి ఫోన్ చేసి, మీ పేరు రాయాలా వద్దా అనడిగాను. ఈసారికి నన్ను వదిలెయ్ దిది అన్నాడు. ఆ కాగితం చింపేసి ఇంకోటి తీసుకున్నాను. అందులో నేను బడ్జ్ బడ్జ్‌లో పుట్టానని, నా మాతృభాష తెలుగని, చైనా ఎన్నడూ చూడలేదని, ఆ సాయంత్రం ఒక కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నానని, నేను చైనాని కానని, అంతకు ముందు కూడా ఎప్పుడూ కాలేదని రాశాను.

ఆలీపూర్ కోర్టు బయట నోటరీ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. మిమ్మల్ని చైనా అని ఎవరన్నారు అనడిగాడు. ఫోటో చూపించాను. ఆయన ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూసి, ఇది మామూలు కేసు కాదు, మిమ్మల్ని చిన్నప్పట్నుంచి ఎరిగిన సాక్షి కావాలన్నాడు. అమ్మని తీసుకెళ్లాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, లైన్ల బళ్లో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో తెలుగులో సంతకం పెట్టింది. నోటరీ కాగితం తిప్పి తిప్పి చూశాడు. ఇది చైనా రాతా అనడిగాడు.

కాదు, తెలుగు అన్నాను. సంతకం వద్దు, వేలిముద్ర వేయించండి అన్నాడు. అమ్మకి అర్థమైంది. నలభై ఏళ్లు మిల్లు పాసుబుక్కు మీద సంతకం పెట్టిన మనిషిని వేలిముద్ర వెయ్యమంటాడేటి ఈడు అని, కుర్చీలోంచి లేవనని భీష్మించుకు కూర్చుంది. అరగంట చర్చలు నడిచాయి. చివరికి సంతకం అలాగే ఉంచి, దాని కింద ఇది తెలుగు లిపి అని నేను ఇంగ్లీషులో రాసి, ఆ మాటకి ఇంకో ముద్ర వేయించుకుని బయటపడ్డాం.

కాగితం పంపాక నేను రోజుకి పదిసార్లు మెయిల్ చూసుకునేదాన్ని. క్లాసులో చైనా పాఠం చెబుతుంటే నోరు తడబడేది. ఆవిడ ఉద్యోగం పోతే ఆ పాపం నాదేనని అమ్మతో అంటే, అమ్మ నెత్తళ్లు గిల్లుతూ కూర్చునేది.

సరిగ్గా వారం తిరగలేదు, ఒక సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది. ఉత్తరం వచ్చింది. విచారణ ముగిసింది, వచ్చే సెమిస్టర్ నుంచి పాఠం చెప్పుకోవచ్చు. నేను ఆనందం పట్టలేక గట్టిగా ఏదో అరిచాను, ఏ భాషలో అరిచానో గుర్తు లేదు. అవతల ఆవిడ మాత్రం నిదానంగానే ఉంది. నా కాగితం చేరిన ఆరో రోజుకే ముగించేశారట. ఏమీ ప్రశ్నలు వెయ్యలేదట.

"మీరు కాదని ఒక్కసారి చెప్పారు, ఒక్క కాగితం మీద" అంది. "నేను మూడేళ్లు చెప్పాను."

ఇరవై రెండేళ్లు ఇదే పాఠం చెప్పినదాన్ని, రెండు వైపుల వాదనలూ కంఠతా వచ్చినదాన్ని, వేళకి తింటున్నారా అని అడిగాను. తింటున్నానంది. అమ్మని అడిగానని చెప్పమని పెట్టేసింది.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఏటంటందే?"

"నమ్మేరంటమ్మా" అన్నాను.

"ఎవుల్ని?" అంది అమ్మ.